దొంగ దిమ్మ

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు కబుర్లాడి, "మేడం, మీరు గెలిచిన పెద్ద కేసేదైనా చెప్పండి" అంటారు. పెద్ద కేసంటే వాళ్ళ ఉద్దేశం హైకోర్టు దాకా వెళ్ళినది, పేపర్లో ఫొటో పడినది. అలాంటివి నా ఖాతాలో లేవు. గుంటూరు కోర్టుల్లో గట్టు తగాదాలు, చెల్లని వీలునామాలు, మొగుడూ పెళ్ళాల పంచాయితీలు చూసీ చూసీ, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చున్నదాన్ని.

"ఒక యుద్ధ నేరం కేసు మాత్రం నడిపాను" అంటే కప్పులు కింద పెడతారు. గుంటూరులో యుద్ధం ఎప్పుడు జరిగింది మేడం అని అడుగుతారు. జరగలేదు. కాగితం మీద అది పరువు నష్టం కేసు. మేజిస్ట్రేటు కోర్టులో, మిరపకాయల ఘాటు మధ్య, తుమ్ముకుంటూ నడిపాం. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు ఆ కేసు గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఓపిక ఉండగానే రాసేస్తున్నాను.

ఇంగువ పాఠం

ముందు మా సీనియర్ గురించి చెప్పాలి. సోమయాజులు గారు. భారీ మనిషి. ముక్కుపొడుం పట్టనిదే నోరు విప్పేవారు కాదు. ఆడపిల్లను జూనియర్‌గా చేర్చుకున్నందుకు తోటి లాయర్లు ఆటపట్టిస్తే, "మీ మగ జూనియర్లు చెట్టు కింద సిగరెట్లు కాలుస్తుంటే ఈ పిల్ల ఫైలు చదువుతోంది, నాకు లాభమేగా" అనేవారు. నన్ను పొగిడారని మురిసిపోయేలోపే, "చదివింది అర్థం కాదనుకో, అది వేరే సంగతి" అని కలిపేవారు.

ఆయన దగ్గర చేరిన మొదటి వేసవిలోనే ఒక మిరప బస్తా దొంగతనం కేసు వచ్చింది. పోలీసులు బస్తాను కోర్టు హాల్లోకి తెచ్చి మూతి విప్పారు. మేజిస్ట్రేటు గారు తుమ్మారు, గుమాస్తా తుమ్మాడు, బంట్రోతు తుమ్ముతూ బయటికి పరుగెత్తాడు. ముద్దాయి మాత్రం నిక్షేపంగా నిలబడ్డాడు. ప్రాసిక్యూటరు గారు, "చూడండి, ఈ సరుకుతో ఇతనికి పాత పరిచయం ఉంది" అన్నారు. మా సీనియర్ కళ్ళు తుడుచుకుంటూ లేచి, "తుమ్మనివాడల్లా దొంగంటే మిరప యార్డు హమాలీలందరినీ జైల్లో వేయాలి సార్, రేపట్నుంచి బస్తాలు మనం మోద్దాం" అన్నారు. ఆ కేసు అక్కడే సగం చచ్చింది.

కానీ నాకు జీవితమంతా పనికొచ్చిన పాఠం ఇంకో కేసులో నేర్చుకున్నాను. ఒక పెళ్ళిలో భోజనాలు తిని జనానికి వాంతులయ్యాయి. వంటవాడేమో ఆ పెళ్ళికి తను వెళ్ళనే లేదని బోనులో ప్రమాణం చేసి చెప్పాడు. మా సీనియర్ గద్దించలేదు, బెదిరించలేదు. తాపీగా, "పోనీలే నాయనా. ఆ రోజు ఎవరో చేతకానివాడు వండినట్టున్నాడు. పులిహోరలో ఇంగువ కూడా వెయ్యలేదట" అన్నారు. వంటవాడి ముఖం ఎర్రబడింది. "ఎవడండీ అన్నది? నా చేత్తో నేనే వేశా!" అన్నాడు. హాలంతా నవ్వింది. అన్నాక వాడికి తెలిసింది తనేమన్నాడో.

బయటికొచ్చాక సోమయాజులు గారు పొడుం డబ్బీ తీస్తూ, "మనిషిని తప్పు గురించి అడిగితే అబద్ధం చెబుతాడమ్మా. పని గురించి అడుగు. పని గురించి తప్పుగా మాట్లాడితే ఎవడూ ఓర్చుకోలేడు" అన్నారు. నేను తల ఊపాను. నిజంగా అర్థమైంది కొన్నేళ్ళ తర్వాత, మస్తాన్ బాబాయ్ కేసులో.

బాలీసుల మీద దేశభక్తుడు

మస్తాన్ బాబాయ్‌ది పర్చూరు పక్క పల్లె. మా నాన్నగారు ఆ దగ్గర్లోనే గుడి పూజారి. పత్తి ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం బాబాయ్ పని. మా ఇంట్లో ప్రతి పరుపూ ఆయన కుట్టిందే. చిన్నప్పుడు ఆయన దూది ఏకుతుంటే ఆ గుట్టల్లో దూకి తన్నులు తిన్నదాన్ని. అందుకే వరసకు బాబాయ్, ఆయన మరదలు బీబమ్మ నాకు పిన్ని. మాకు మతం అడ్డు రాలేదు, దూది మాత్రం ముక్కులోకి వచ్చేది.

ఎనభైల మధ్యలో ఒకరోజు బాబాయ్ సమను పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. పక్కనే భోజనం క్యారియర్‌తో బీబమ్మ పిన్ని.

"ఏం చేశావు బాబాయ్?" అన్నాను.

"మైకు లాక్కున్నానమ్మాయ్" అన్నాడు.

నల్లపాడులో ఒక సన్మాన సభ. కాలవ పనుల్లో బాగా సంపాదించిన కంట్రాక్టరు రాఘవయ్య గారికి శాలువా కప్పుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన తూర్పు దేశాల్లో ఉండి దేశం కోసం కష్టాలు పడ్డారని కరపత్రంలో వేశారు. వేదిక మీద పరిచిన పరుపులు, బాలీసులు బాబాయ్‌వే. కార్యక్రమం అయ్యాక వెనక్కి తీసుకెళ్ళడానికి ఆయన మూల నిలబడి ఉన్నాడు. సన్మానం అందుకునే పెద్దమనిషి లేచి రెండు మాటలు మాట్లాడగానే ఆ గొంతు బాబాయ్‌కి తెలిసిపోయింది. వేదికెక్కి మైకు లాక్కుని, "వీడు దేశభక్తుడు కాదు. సయాం రైలు కట్ట మీద మా కూలోళ్ళను జపానోళ్ళకు పట్టించిన మేస్త్రి. నా తమ్ముణ్ణీ అట్టాగే పట్టించాడు. నా బాలీసు మీంచి లెగరా" అన్నాడు.

"ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"అదే నాకు ఎక్కువ మండింది" అన్నాడు బాబాయ్.

రాఘవయ్య గారు కోర్టుకెక్కారు. తను యుద్ధం జరిగినన్నాళ్ళూ సింగపూరులో ఒక కొట్లో లెక్కలు రాశానని, సయాం దేశం ముఖమే చూడలేదని, నలుగురిలో తన పరువు పోయిందని ఫిర్యాదు. చట్టం ప్రకారం నిజం చెప్పడం నేరం కాదు. కానీ అది నిజమని చూపించాల్సిన భారం చెప్పినవాడిదే. బాబాయ్‌తో ఆ కట్ట మీద పనిచేసినవాళ్ళలో కొందరు అక్కడే పోయారు, బతికినవాళ్ళు మలయాలోనే ఉండిపోయారు. మా పక్షాన చెప్పడానికి బాబాయ్ తప్ప ఇంకొక ప్రాణి లేదు.

చూశావా బావా?

బాబాయ్ చెప్పిన కథ ఇది. కరువు రోజుల్లో అన్నదమ్ములిద్దరూ, మస్తాన్, కాసిం, మలయాలో రబ్బరు తోటల పనికి వెళ్ళారు. కాసింకు అప్పటికి కొత్తగా పెళ్ళయింది. బీబమ్మను ఊళ్ళో వదిలి వెళ్ళాడు. జపాను సైన్యం వచ్చి తోటల్లో కూలీలను రైలు పెట్టెల్లో కుక్కి సయాం అడవుల్లోకి తీసుకుపోయింది. అక్కడ కొత్త రైలు మార్గానికి మట్టికట్ట పొయ్యాలి. తెలుగు కూలీల మీద మేస్త్రీగా తెలుగువాడే అయిన రాఘవయ్యను పెట్టారు.

"మీకు తిండి పెట్టేవాళ్ళా బాబాయ్?"

"పెట్టేవాళ్ళు. పురుగులు తీసేస్తే ఏం మిగిలేది కాదు. అందుకని తీసేవాళ్ళం కాదు." ఆయన ఆ మాట నవ్వుతూనే అన్నాడు. ఆ కథంతా అలాగే చెప్పాడు, ఎక్కడ కుదిరితే అక్కడ నవ్వుతూ. ఆయన అలా నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఒకసారి బాబాయ్‌కి జ్వరం తగిలి పాకలో పడిపోయాడు. పనికి రానివాడికి తిండి లేదు. కాసిం తన వాటాతో పాటు అన్న వాటా మట్టి కూడా లెక్కలో చూపిస్తున్నాడు. ఒక పొద్దున వెళ్ళినవాడు సాయంత్రం తిరిగి రాలేదు. రాఘవయ్య పట్టించాడని తోటివాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఏమైందన్నది ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. పోయాడని ఒకడు, అడవిలోకి పారిపోయి బర్మా వైపు వెళ్ళాడని ఇంకొకడు. మర్నాడే గుంపునంతా ఇంకో చోటికి తోలేశారు.

యుద్ధం ముగిసి బాబాయ్ ఒక్కడే ఊరు చేరితే, గడపలో బీబమ్మ అడిగిందట, "ఆయన పోవటం నువ్వు చూశావా బావా?" అని.

"చూళ్ళేదమ్మా."

"అయితే ఊరుకో."

అంతే. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. పెళ్ళి సంబంధాలు తెచ్చినవాళ్ళను, "మా ఆయన వస్తే మీరు సమాధానం చెబుతారా?" అని తరిమింది. పోయినవాళ్ళకు చేసే ప్రార్థన, ఫాతెహా, కాసిం పేరున చదివించబోతే గిన్నె బోర్లించింది. చేతి గాజులు తీయలేదు. పిన్నికి జనం భయపడేవాళ్ళు, ఆమె వంటకి మాత్రం ఎగబడేవాళ్ళు.

అక్కడ సైనిక ఖైదీలను హింసించినవాళ్ళ మీద యుద్ధం తర్వాత విచారణలు జరిగాయని విన్నాను. మన మట్టి కూలీలను సాక్ష్యం చెప్పమని పిలిచినవాళ్ళున్నారా అని బాబాయ్‌ని అడిగాను. "మేం బతికున్నట్టు ఎవరికి తెలుసమ్మాయ్?" అన్నాడు. ఇది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

క్యారియర్ రాజకీయం

వాయిదాల మీద వాయిదాలు. ప్రతి వాయిదాకూ పిన్ని క్యారియర్‌తో దిగేది. గోంగూర, పప్పు, ఎండుమిరపకాయల పచ్చడి. మాతో పాటు అవతలి లాయరు గారి గుమాస్తాకు కూడా పెట్టేది. "వాడేం చేశాడు పాపం, జీతగాడు" అనేది. మేజిస్ట్రేటు గారు కడప నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర మనిషి. ఆయన్ను చూసి, "ఆ జడ్జీ బాబు అన్నం తిన్నాడో లేదో, మొహం అట్టా పీక్కుపోయిందేంది?" అని హాల్లోనే గట్టిగా అంది. బంట్రోతు "ష్" అన్నాడు. మేజిస్ట్రేటు గారు ఫైల్లోకి తల దించుకున్నారు, నవ్వు ఆపుకోవడానికి.

ఆయన కూడా రాజీకే మొగ్గు చూపారు. "పెద్దవాళ్ళు ఇద్దరూ. ఒక క్షమాపణ చెప్పేస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు కదా" అన్నారు. మా సీనియర్ కూడా నాతో, "సాక్షుల్లేని కేసమ్మా. చెప్పించెయ్" అన్నారు.

చెట్టు కింద ఇరుపక్షాలం కూర్చున్నాం. బాబాయ్, "చెబుతానయ్యా. ఆయన కాళ్ళ మీద పడమన్నా పడతా. ఒకటే షరతు. మా తమ్ముడు పోయాడో ఉన్నాడో ఆయన మా మరదలికి ఒక్క మాట చెప్పాలి. ఆయనకు తెలుసు" అన్నాడు.

రాఘవయ్య గారు తెల్లటి ధోవతి చెంగు దులుపుకుంటూ, "నేను ఆ దేశమే పోలేదంటుంటే ఇదేం గోలయ్యా?" అన్నారు.

పిన్ని క్యారియర్ గిన్నెలు సర్దేసింది. "లెగు బావా. కేసు నడవనియ్యి" అంది. ఆ పూట అవతలి గుమాస్తాకు పచ్చడి పెట్టలేదు. అప్పుడు నాకు తెలిసింది, ఈ కేసులో బాబాయ్‌కి పడే శిక్ష పెద్ద విషయం కాదని. ఆ ఒక్క మాట కోసమే వాళ్ళిద్దరూ పర్చూరు బస్సెక్కి వస్తున్నారు.

దిమ్మ అంటే ఏమిటి

క్రాస్ ఎగ్జామినేషన్ ముందురోజు బాబాయ్‌ని కూర్చోబెట్టి కాసింను ఎందుకు పట్టించారో మళ్ళీ అడిగాను. "దొంగ దిమ్మకి" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

మట్టిపనిలో గొయ్యి తవ్వేటప్పుడు మధ్యలో ఒక చోట నేలను తవ్వకుండా అలాగే స్తంభంలా వదిలేస్తారు. దాన్ని దిమ్మ అంటారు. సాయంత్రం మేస్త్రి వచ్చి ఆ దిమ్మ ఎంత ఎత్తుందో కొలుస్తాడు. అంత లోతు తవ్వినట్టు లెక్క. తెలివైన కూలీలు దిమ్మ నెత్తిన ఉన్న గడ్డిని పలకలా ఎత్తి, కింద జానెడు మట్టి మెత్తి, మళ్ళీ గడ్డి కప్పేస్తారు. దిమ్మ పెరుగుతుంది, గొయ్యి లోతైనట్టు కనిపిస్తుంది.

"మేం కరువు పనుల్లో చిన్నప్పుడే నేర్చుకున్నాం. కాసిం కడితే మా నాయన కూడా కనిపెట్టలేకపోయేవాడు. అంత పనోడు!" బాబాయ్ ముఖం వెలిగిపోయింది.

"మరి రాఘవయ్య ఎలా కనిపెట్టాడు?"

"వాడూ పనోడేగా. దొంగ దిమ్మను పట్టడంలో వాణ్ణి మించినోడు లేడని జపానోళ్ళ ముందు రొమ్ము విరుచుకునేవాడు. సాగర్ కాలవ పనుల్లో కూడా అదే పేరంట గదా ఇప్పుడు."

నేను కలం కింద పెట్టేశాను. నాకు ఇంగువ గుర్తొచ్చింది.

బోనులో మేస్త్రి

మర్నాడు రాఘవయ్య గారు బోనెక్కారు. మా సీనియర్ నా వెనక కుర్చీలో కూర్చున్నారు. ముందురోజు నా ఆలోచన చెబితే ఆయన పొడుం రెండుసార్లు పీల్చారు.

నేను సయాం పేరెత్తలేదు. సాగర్ కుడికాలవ గురించి అడిగాను. ఎంత పెద్ద పని, ఎంతమంది కూలీలు, ఎంత బాధ్యత అని. ఆయన మొదట అనుమానంగా చూశారు గానీ, కాసేపటికి చేతులు బోను మీద ఆనించి హాయిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అవతలి లాయరు గారు లేచి, "కాలవకీ ఈ కేసుకీ ఏమిటండీ సంబంధం?" అన్నారు. "సాక్షి గారి పరువు ఎంతటిదో కోర్టుకు తెలియాలి కదండీ" అన్నాను. మేజిస్ట్రేటు గారు సరేనన్నారు.

"దొంగ దిమ్మల్ని కనిపెట్టడంలో మీకు పేరుందట?"

"ఇవాళ కాదమ్మా, ఆదినుంచీ" అన్నారు రాఘవయ్య గారు. "గడ్డి అతుకు దగ్గర మట్టి రంగు మారుతుంది. చువ్వ గుచ్చితే సర్రున దిగుద్ది. నా దగ్గర ఎవడి ఆటలూ సాగలా."

"మీరు గనక పట్టారు. అందరికీ ఆ నైపుణ్యం ఉండదు కదండీ. సయాం రైలు కట్ట మీద మేస్త్రీలకు పని రాదని మా ముద్దాయి చెబుతున్నారు. కూలీలు రోజూ దొంగ దిమ్మలు కట్టి కళ్ళముందే మోసం చేసేవాళ్ళట. అక్కడి మేస్త్రి ఒట్టి గుడ్డివాడట. ఒక్కటంటే ఒక్కటి పట్టలేకపోయాడట."

ముద్దాయి స్థానంలో నిలబడ్డ బాబాయ్ సరిగ్గా అప్పుడే కిసుక్కున నవ్వాడు. అలా నవ్వమని నేను చెప్పలేదు. ఆ నవ్వుకు మాత్రం సగం ఫీజు ఆయనకే ఇవ్వాలి.

రాఘవయ్య గారి మెడ నరాలు ఉబ్బాయి. బాబాయ్ వైపు వేలు చూపించి, "ఏందిరా నవ్వుతావు? ఎవడు గుడ్డోడు? మొదట్లో నాలుగు రోజులు మోసపోయామేమో గానీ, ఆ తరవాత ఒక్కడు తప్పించుకున్నాడా నా చేతిలో? నీ తమ్ముడి దిమ్మ పట్టింది నేను కాదూ?" అన్నారు.

అవతలి లాయరు గారు సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు. మేజిస్ట్రేటు గారు టైపిస్టుతో ఇంగ్లీషులో చెప్పడం ఆపి, "ఆ మాటలు యథాతథంగా తెలుగులోనే వెయ్యండి" అన్నారు. టైపిస్టు దగ్గర ఉన్నది ఇంగ్లీషు మిషన్. పాపం, చేత్తో రాసుకున్నాడు.

కూర్చోమన్నారు, కూర్చోలేదు

కేసు గెలిచిపోయింది. ఆ క్షణంలో నోరు మూసుకుని కూర్చోవాలన్నది మా వృత్తిలో మొదటి నియమం. జవాబు తెలియని ప్రశ్న వెయ్యకూడదు. వేస్తే సాక్షి తేరుకుంటాడు, కథ మార్చేస్తాడు. వెనకనుంచి మా సీనియర్ గొంతు తగ్గించి, "కూర్చోమ్మా. అయిపోయింది. కూర్చో" అన్నారు.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన వైపు కాదు. తలుపు దగ్గర బల్ల మీద క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని పిన్ని ముందుకు వంగి కూర్చుని ఉంది. కన్నార్పడం లేదు.

"కాసిం ఏమయ్యాడు రాఘవయ్య గారూ?" అని అడిగాను.

ఆయన బోను కర్రను రెండు చేతులతో పట్టుకున్నారు. అంతవరకూ పెద్దమనిషిలా ఉన్న ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"పోయాడు" అన్నారు.

"విన్నారా, చూశారా?"

"చూశా. ఎండలో రాయెత్తి నిలబెట్టారు. పొద్దు వాలేదాకా నిలబడ్డాడు. తరవాత పడిపోయాడు. లేపమన్నారు, లేపా. లెగలా." మళ్ళీ తనే అన్నారు, "మంచినీళ్ళు అడిగాడు."

"ఇచ్చారా?"

ఆయన నా వైపు చూడలేదు, మేజిస్ట్రేటు వైపు చూశారు. "ఇస్తే నన్నూ నిలబెట్టేవాళ్ళండీ" అన్నారు.

నేను కూర్చున్నాను. నీళ్ళివ్వకపోవడానికి ఆయన చెప్పిన కారణం నిజమే అయి ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఆ చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. కానీ దిమ్మ పట్టించమని ఆయన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. అది భయంతో చేసిన పని కాదు, గొప్పకు పోయి చేసిన పని. అడవిలో జ్వరంతో పడున్న అన్నకు తిండి కోసం ఒక కుర్రాడు జానెడు మట్టి ఎక్కువ చూపిస్తే, ఈయన దాన్ని తన ప్రతిభకు పరీక్ష అనుకున్నారు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ప్రతిభను ఎవరో కాదన్నారనే ఆయనకు కోపం వచ్చింది. క్షమించాలా వద్దా అన్నది వాళ్ళింటివాళ్ళ ఇష్టం. నేను మాత్రం క్షమించలేదు.

సోమయాజులు గారు నన్ను బయట బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్ళి, తన ప్లేటులోంచి రెండు తీసి నా ప్లేటులో వేశారు. ఆయన నోటితో మెచ్చుకోవడం నేను చూడలేదు, అవే నాకు సర్టిఫికెట్లు. కాసేపయ్యాక మాత్రం, "ఆ చివరి ప్రశ్న రేపు నీ జూనియర్లు ఎవరైనా వేస్తే చెవి మెలిపెట్టు" అన్నారు. పిల్లలూ, మీకూ అదే చెబుతున్నాను. వెయ్యకండి. ఎప్పుడు వెయ్యాలో తెలిసేదాకా వెయ్యకండి.

పర్చూరు దారిలో

తీర్పులో బాబాయ్‌ని నిర్దోషిగా వదిలేశారు. ఆయన చెప్పింది నిజమని, అలాంటి మనిషికి దేశం పేరున శాలువా కప్పుతుంటే ఆ నిజం నలుగురికీ చెప్పడంలో తప్పు లేదని మేజిస్ట్రేటు గారు రాశారు. రాఘవయ్య గారికేమయింది అని మీరడుగుతారు. ఏమీ కాలేదు. ఎక్కడో పరాయి దేశంలో, పరాయి సైన్యం కింద, నలభై ఏళ్ళ కిందట జరిగినదాన్ని విచారించే కోర్టు మాకు దొరకలేదు. నేనూ, మా సీనియర్ కలిసి పుస్తకాలన్నీ తిరగేసి చూశాం. రాఘవయ్య గారు రిక్షా ఎక్కి ఇంటికి పోయారు. ఆ తర్వాత ఆయనకు సన్మానాలు జరిగినట్టు మాత్రం నేను వినలేదు. న్యాయం అంటే మీకేం నేర్పి పంపారో నాకు తెలియదు గానీ, ఆ కేసులో నా చేతికి చిక్కింది ఇంతే. ఇది చాలదని నాకూ తెలుసు.

తీర్పు గురించి ముందే చెప్పేశాను, ఎందుకంటే నా వరకు ఈ కేసు ముగిసింది ఆ రోజు కాదు. క్రాస్ జరిగిన మర్నాడే ముగిసింది.

ఆ రోజు కోర్టు నుంచి పిన్ని నేరుగా బస్సెక్కింది. క్యారియర్ విప్పనే లేదు. తెల్లారేసరికి బాబాయ్ మా ఇంటికి మనిషిని పంపాడు, "అమ్మాయిని ఒకసారి రమ్మనండి, నా మాట వినడం లేదు" అని. నేను పర్చూరు బస్సు పట్టుకుని వెళ్ళాను. దారి పొడుగునా చేలల్లో ఆడవాళ్ళు పత్తి తీస్తున్నారు.

ఇంటి ముందు నులకమంచం మీద ఊరి మసీదు ఇమాం సాబు, బాబాయ్ కూర్చుని ఉన్నారు. గది తలుపు ఓరగా వేసి ఉంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు గడప దాటకుండా, అలంకారాలు లేకుండా ఉండే గడువును వాళ్ళలో ఇద్దత్ అంటారు. పిన్ని ఆ ఉదయం నుంచి ఇద్దత్ కూర్చుంది.

ఇమాం సాబు మంచివాడు, తలుపు వైపు తిరిగి ఓపిగ్గా చెబుతున్నాడు. "గడువు మనిషి పోయిన రోజు నుంచి లెక్క తల్లీ. అది ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు నువ్వు కూర్చోనక్కర్లేదు. దీనికి ధర్మంలో అవసరం లేదు."

"నువ్వన్నా చెప్పమ్మాయ్" అన్నాడు బాబాయ్. "ఈ వయసులో చీకటి గదిలో అన్నాళ్ళెట్టా ఉంటది?"

నేను లోపలికి వెళ్ళాను. పిన్ని చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పాత తెల్లచీర. చేతులు బోసిగా ఉన్నాయి. ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూసి, "తిన్నావా?" అంది, ఎప్పటిలాగే.

"పిన్నీ, ఇమాం సాబు చెప్పింది నిజమే కదా. కాలం ఎప్పుడో గడిచిపోయింది" అన్నాను. లాయరు బుద్ధి ఎక్కడికి పోతుంది, నేనూ గడువు గురించే మాట్లాడాను.

పిన్ని బయట ఇమాం సాబుకు కూడా వినిపించేలా అంది, "మీ లెక్క మీదేనమ్మా. నేను తప్పు పట్టను. మీ అందరికీ ఆయన నలభై ఏళ్ళ కింద పోయాడు. నాకు నిన్న పొద్దున పోయాడు."

బయట ఇమాం సాబు లేచి చెప్పులు వేసుకున్న చప్పుడు వినిపించింది. నేను లేచి బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేశాను.